సవరణ: అయోడిన్ ఉప్పు పోస్టులో నేను రాసిన తప్పు

హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో గాయిటర్ (అయోడిన్ తక్కువై మెడ వాచే జబ్బు) మీద చేసిన రీసెర్చ్ అయిపోగానే 1962లో దేశమంతా అయోడిన్ ఉప్పు వచ్చేసిందని మొన్న రాశాను కదా, అది తప్పండి, క్షమించాలి. 1962లో మొదలైంది గాయిటర్ ఎక్కువున్న ఏరియాలకి మాత్రమే. అందరికీ అయోడిన్ ఉప్పే అనే నిర్ణయం 1980ల్లో గానీ రాలేదు.

రీసెర్చ్ గురించి రాసింది మాత్రం కరెక్టే. మన శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త రామలింగస్వామి గారి టీమ్ 1956లో మొదలుపెట్టి, లోయని మూడు జోన్లు చేసి, రెండిట్లో అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్యలో దాంట్లో మామూలు ఉప్పు ఇచ్చి కొన్నేళ్ళు చూశారు, ఆ రెండు చోట్లా పిల్లల మెడ వాపులు బాగా తగ్గాయి, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. ఇంత క్లియర్‌గా తేలాక కూడా అన్నేళ్ళు పట్టిందంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకోటి వదిలేశాను. అయోడిన్ లేని ఉప్పు అమ్మకం మీద నిషేధాన్ని 2000లో కేంద్రమే ఎత్తేసింది, డాక్టర్లు, సైంటిస్టులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, చివరికి 2006లో మళ్ళీ అమల్లోకి వచ్చింది. అంటే రుజువు ఒకసారి చూపిస్తే సరిపోలేదు, మళ్ళీ మళ్ళీ చెప్పాల్సొచ్చింది. పాత పోస్ట్ షేర్ చేసినవాళ్ళు దయచేసి ఇది కూడా షేర్ చెయ్యండి.