క్లోన్‌కు తల్లిదండ్రులు లేరట, అందుకే హక్కులూ లేవట

మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, బంధువుల గ్రూపులో, చివరికి టీచర్ల గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "పిల్లలకు క్లోన్ నవలలు ఇవ్వకండి" అని మొదలవుతుంది. అందులో ఐదు పాయింట్లు. క్లోన్ అంటే జ్ఞాపకాలతో సహా అసలు మనిషికి నకలు. విదేశాల్లో ఇప్పటికే రహస్యంగా మనుషుల్ని క్లోన్ చేశారు. క్లోన్‌కు తల్లీతండ్రీ ఉండరు కాబట్టి హక్కులు వర్తించవు, అవయవాలు తీసుకున్నా నేరం కాదు. ఈ నవలలు పిల్లల్ని పెద్దల మీదికి ఉసిగొల్పుతాయి. మనిషి క్లోనింగ్ ఎలాగూ నిషేధం, దాని గురించి చదవడం దండగ. అనంతపురం జిల్లాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ ఆ నవలలు చదివిస్తున్నది నేనే కాబట్టి నన్ను ట్యాగ్ చేసి మరీ పంపుతున్నారు.

జ్ఞాపకాల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. క్లోనింగ్ అంటే ఒక జీవి కణంలోని కేంద్రకాన్ని, అంటే జన్యువులుండే భాగాన్ని, తీసుకుని అవే జన్యువులున్న ఇంకో జీవిని పుట్టించడం. జ్ఞాపకాలుండేది మెదడులో. 2001 చివర్లో టెక్సస్‌లో పుట్టిన మొదటి క్లోన్ పిల్లికి, కణం ఇచ్చిన పిల్లి ఒంటిమీది నారింజ మచ్చలే రాలేదు. ఇంక జ్ఞాపకాలేం వస్తాయి?

రహస్య క్లోన్లంటారా, 2002 డిసెంబరులో ఒక సంస్థ ఆడబిడ్డను క్లోన్ చేశామని ప్రకటించింది, పరీక్షకు మాత్రం బిడ్డను చూపించలేదు. మానవ పిండాలను క్లోన్ చేశానన్న కొరియా శాస్త్రవేత్త పేపర్లు బూటకమని తేలి 2006లో రద్దయ్యాయి.

ఇవి రెండే అయితే చదివి ఊరుకునేదాన్ని. మూడో పాయింటు చూశాక ఒళ్లు మండింది.

క్లోన్‌కు తల్లి ఉండదని ఎవరు చెప్పారు? 1996లో స్కాట్లాండ్‌లో డాలీ అనే క్లోన్ గొర్రెపిల్లను ఒక గొర్రె మోసి కనింది. 2009లో మన దేశంలోనే, హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన క్లోన్ దూడ గరిమను గేదె మోసింది. సరే, తల్లి లేదనే అనుకుందాం. తల్లిదండ్రుల్ని చూపిస్తేనే ప్రాణానికి రక్షణ ఇస్తామని మన రాజ్యాంగంలో ఎక్కడుంది? సమానత్వానికీ ప్రాణానికీ రక్షణ ఇచ్చే 14, 21 అధికరణాలు ఈ దేశ పౌరులు కానివాళ్లకు కూడా వర్తిస్తాయి. అనుమతి లేకుండా అవయవం తీస్తే 1994 అవయవ మార్పిడి చట్టం కింద జైలే. ఆ చట్టం అవయవం పోగొట్టుకున్న మనిషిని "నీ తండ్రెవరు" అని అడగదు.

ఈ మెసేజ్ పంపినవాళ్లలో సగం మంది రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు వాళ్లు. ఆడపిల్లకు పెళ్లి చేయకుండా దేవుడి పేరిట వదిలేసే బసివిని ఆచారం గురించి వాళ్లకు నేను చెప్పాలా? 1988లో చట్టం దాన్ని నిషేధించింది. కానీ ఆ తల్లుల పిల్లలు బడికొచ్చినప్పుడు ఏం జరుగుతుందో మాకు తెలుసు. ఒక అమ్మాయి నా ఎదురుగానే అడ్మిషన్ ఫారం నింపింది. పేరు, పుట్టిన తేదీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, "తండ్రి పేరు" దగ్గర పెన్ను ఆపి, ఆ గడి కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏదో ఒకటి రాయమ్మా" అన్నాడు గుమాస్తా. పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు గార్డియన్ కావచ్చని సుప్రీంకోర్టు 2015లో తీర్పిచ్చింది. అయినా ఆ గడి దగ్గర పెన్నులు ఆగుతూనే ఉన్నాయి. తల్లీతండ్రీ లేకపోతే హక్కుల్లేవని రాసిన మీ మెసేజ్ ఆ అమ్మాయి ఫోన్లోకీ వెళ్తుంది. పంపేముందు ఒక్కరికైనా ఆ ఆలోచన రాలేదా?

పైగా అది కొత్త వాదన కూడా కాదు. నాన్సీ ఫార్మర్ 2002లో రాసిన 'ది హౌస్ ఆఫ్ ద స్కార్పియన్' చూడండి. మాట్ అనే పిల్లవాడు నూట నలభై దాటిన మత్తుమందుల దొరకు క్లోన్. ఆ ముసలివాడికి గుండె అవసరమైతే తీసి పెట్టడానికే వాణ్ణి పెంచుతారు. ఆవు కడుపులో పెరిగాడు కాబట్టి పశువే అంటారు ఆ ఇంటివాళ్లు. పాదం మీద ఎస్టేట్ ఆస్తి అని ముద్ర ఉంటుంది. కొన్నాళ్లు నేలంతా రంపంపొట్టు పోసిన గదిలో పెట్టి తాళం వేస్తారు. దొరింటి వాదనా, మీ మూడో పాయింటూ ఒకటేనని మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇట్టే పట్టేశారు. విలన్ మాటలు అరువు తెచ్చుకుని పిల్లలకు బుద్ధులు చెబుతున్నారు, శభాష్!

పెద్దల మీదికి ఉసిగొల్పడమా? మాట్‌ను కాపాడేది వంటమనిషి సీలియా. వాడి గుండె దొరకు పనికిరాకుండా చేయడానికి కొంచెం కొంచెంగా ఆర్సెనిక్ పెడుతుంది. ఆవిడ పెద్దమనిషి కాదా?

నిషేధం విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్ల మాటే నా మాట. మనిషిని క్లోన్ చేయకూడదు. యునెస్కో 1997లోనే ఆ మాటంది, మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలూ ఒప్పుకోవు. డాలీ కోసం 277 కణాలతో మొదలుపెడితే 29 పిండాలు నిలిచాయి, పుట్టింది ఒక్క గొర్రెపిల్ల. ఆ ప్రయోగం ఆడవాళ్ల కడుపుల్లో జరగడం నేను ఊహించలేను. కానీ నిషేధం ఆ పని చేసినవాళ్ల మీద, పుట్టిన బిడ్డ మీద కాదు. బాల్యవివాహాన్ని చట్టం నిషేధించింది. ఆ పెళ్లి కోర్టులో రద్దయినా, పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని అదే 2006 చట్టం చెబుతోంది.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఆ నవల ముగింపు నాకు నచ్చదు. మాట్‌కు చివర్లో హక్కు దక్కేది వాణ్ణి మనిషిగా గుర్తించినందుకు కాదు. దొర చచ్చిపోయాడు కాబట్టి ఆ కథలోని చట్టం లెక్కలో మాట్ ఇప్పుడు ఆ దొరే. "మరి ముసలాయన ఇంకో పదేళ్లు బతికుంటే వాడి గతేంటి మేడం?" అని మా క్లాసులో ఒకబ్బాయి అడిగాడు. ఐదు పాయింట్లు రాసిన పెద్దలు ఆ పిల్లవాడికి జవాబు రాయండి. దాన్ని నేనే అన్ని గ్రూపుల్లో పెడతాను.