ఎనిమిదిలో ఎనిమిది

డిజిటల్ బొమ్మ రైలింజన్లకు జబ్బులెన్ని ఉన్నా మందు ఒక్కటే. ఆవిరి ఇంజను కూయడం మానేసిందా? సీవీ 8లో, అంటే ఇంజనులోని డీకోడర్ అనే చిప్పులో సెట్టింగులు దాచుకునే ఎనిమిదో గడిలో, 8 రాయండి. కూస్తోంది గానీ కదలడం లేదా? సీవీ 8లో 8. కదులుతోంది, కూస్తోంది, కానీ చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు పదకొండు ఛుక్కులు వినిపిస్తున్నాయా? అదే మందు, అదే మోతాదు. ఇంజను బల్ల మీంచి పడి రెండు ముక్కలైతే డీకోడర్ ఉన్న ముక్కకి రాయండి.

ఈ అష్టాక్షరిని ఉపదేశించే రీసెట్ స్వాములు మీకు తెలియనివారేం కారు. మీ బొమ్మ రైళ్ల లేఅవుట్‌ని కూడా ఏదో ఒక రోజు పావనం చేసే ఉంటారు. ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ మూత విప్పడం, తీగ పట్టుకుని చూడటం లాంటి నీచమైన పనులు వారు చేయరు. కళ్లు మూసుకుంటారు. "రీసెట్ చేశావా నాయనా?" అంటారు. చేశానంటే "మళ్లీ చెయ్యి" అంటారు.

సీవీ 8లో అసలేముంటుందో కూడా చెప్పుకోవాలి. డీకోడర్‌లో ఇలాంటి గళ్లు 1024 వరకు ఉండొచ్చు. 1లో ఇంజను చిరునామా, 2లో కదలడానికి మొదట ఇచ్చే వోల్టేజి, 3, 4లలో వేగం పుంజుకునే తీరు, తగ్గే తీరు. 8లో ఉండేది తయారీదారు గుర్తింపు సంఖ్య. చదువుకోవడానికే తప్ప మార్చడానికి కాదు. అక్కడ ఎవరైనా 8 రాయబోతే దాన్ని రీసెట్ ఆజ్ఞగా తీసుకోమని చాలా కంపెనీలు తమ డీకోడర్లకు నేర్పాయి. చాలా అన్నాను, అన్నీ అనలేదు. వేరే గడి, వేరే అంకె పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. స్వాములవారికి ఆ గొడవ పట్టదు. తమకొచ్చిన మంత్రం ఒక్కటే కాబట్టి డీకోడరే కంపెనీ మారాలి.

ఒక సాయంత్రం ఊహించుకోండి. గుండ్రటి షెడ్డు, మధ్యలో గోతి మీద తిరిగే వంతెన, అదే టర్న్‌టేబుల్, చుట్టూ గదుల్లో ఏడు ఆవిరి ఇంజన్లు. అన్నీ 1:87 స్కేలువి, ముద్దొచ్చేలా ఉన్నాయి. వాటిలో మికాడో రకం ఇంజను ఒకటి మూగబోయింది. స్వామి వచ్చారు. బండిని నడిపే థ్రాటిల్ మీద ఎఫ్8 బొత్తాం నొక్కి ఉందేమో చూద్దామని యజమాని నసిగాడు. నిజమే, చాలా డీకోడర్లు ఎఫ్8 నొక్కితే నోరు మూసుకుంటాయి, కొన్ని ఎఫ్1 నొక్కితే గానీ నోరు విప్పవు. స్వామి చెయ్యెత్తి వారించారు. పోనీ వాల్యూమ్ చూద్దామా, లోక్‌సౌండ్ డీకోడర్‌లో సీవీ 63, సునామీ డీకోడర్‌లో సీవీ 128 కదా అని మళ్లీ నసిగాడు. స్వామి చిరునవ్వు నవ్వి ఎనిమిదిలో ఎనిమిది రాశారు. మికాడో ఉలకలేదు, పలకలేదు. "దీని పక్కనున్నదానికీ దోషం పాకినట్టుంది" అని దానికీ రాశారు. వచ్చిన చేత్తో మిగతా ఐదింటికీ ముందుజాగ్రత్తగా రాసేశారు.

రీసెట్ అయిన డీకోడర్ తన పాత చిరునామా మర్చిపోయి 3 అనే అంకెకు పలుకుతుందని మీకు తెలుసు. ఇప్పుడు ఆ షెడ్డులో ఏడుగురు మూడోవాళ్లున్నారు. స్వామి థ్రాటిల్‌లో 3 కొట్టి ఎఫ్2 నొక్కారు. ఆరు కూతలు ఒక్కసారిగా లేచాయి, కిటికీ అద్దాలు అదిరాయి. "చూశావా, పలికింది!" అన్నారు స్వామి. ఏది పలికిందో అడిగే సందు ఎక్కడిది? ఆ ఊపులో ఆయన నాబు తిప్పారు. ఏడు ఇంజన్లూ ఏడు గదుల్లోంచి, పెళ్లికి తరలినంత హుందాగా, టర్న్‌టేబుల్ వైపు బయల్దేరాయి. వంతెన ఉన్నది ఒకటి. దాని మీదికి సరిగ్గా వచ్చింది ఒకటి. మిగిలిన ఆరూ గోతిలోకి, ఒకదాని టెండర్ మీద ఇంకొకటి, బాయిలర్లు ఆకాశానికెత్తి, చక్రాలు ఇంకా తిప్పుతూనే, ఛుక్కుమంటూనే. ఎక్కడో ఇనుము ఇనుముకి తగిలింది, షార్టయింది, పట్టాలకు కరెంటు పంపే బూస్టర్ ట్రిప్పయి గదంతా నిశ్శబ్దం.

"ఇప్పుడేం చేయాలి స్వామీ?"

"బూస్టర్‌ని రీసెట్ చెయ్యి."

మికాడో టెండర్‌లో స్పీకర్‌కి వెళ్లే ఊదారంగు తీగ తెగి ఉంది. అది ఏ సీవీలోనూ రాసి ఉండదు.

ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. మంత్రం ఒక్కోసారి పనిచేస్తుంది, అదే మన దౌర్భాగ్యం. ఇంజను చక్కగా కూస్తుంది, గంట కొడుతుంది, కానీ అడుగు కదపదు. ఎప్పుడో రెండు ఇంజన్లను జత కట్టినప్పుడు సీవీ 19లో రాసిన అంకె అక్కడే ఉండిపోయి ఉంటుంది. అది సున్నా కాకపోతే సొంత చిరునామాకి వచ్చే వేగం ఆజ్ఞల్ని డీకోడర్ లెక్కచేయదు. అక్కడ సున్నా రాస్తే చాలు. రీసెట్ చేస్తే ఆ అంకె కూడా పోయి బండి కదులుతుంది. తలలో ఒక పేను కనిపించిందని గుండు కొట్టించినట్టు. పేను పోయిన మాట నిజమే కాబట్టి స్వామికి ఇంకో నలుగురు శిష్యులు పెరుగుతారు.

దారి చీలే పాయింట్ల మీద, పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్ అనే చోటు దాటినప్పుడల్లా శబ్దం తెగిపోయి మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకునే ఇంజనుకీ ఇదే వైద్యం. చక్రాల మీద మసి, పట్టాల మీద మసి, రబ్బరు టైరున్న చక్రం ఎటూ కరెంటు అందుకోదు, ఇంజనుకీ టెండర్‌కీ మధ్య వెంట్రుకంత తీగ. ఒక గుడ్డ ముక్క, కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగుతోంది పాపం. అందులో ఏం మహత్యం ఉంది? గుడ్డతో తుడిచేవాణ్ని ఎవరైనా స్వామి అంటారా?

సీవీలు చదవడానికి, రాయడానికి విడిగా పెట్టుకునే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద డీకోడర్ చదవబడకపోతే ఇక ప్రాణం పోయిందనే ధ్రువీకరిస్తారు. తప్పు తీగలు కలిపిన డీకోడర్ కాలిపోకుండా ఆ ట్రాక్‌కి కావాలనే తక్కువ కరెంటు ఇస్తారు. పెద్ద కెపాసిటర్లున్న సౌండ్ డీకోడర్ నిండేసరికే అది చాలదు, సమాధానం చెప్పలేదు. అదే డీకోడర్ మామూలుగా బళ్లు తిరిగే మెయిన్ లైన్ మీద చెప్పినట్టు రాయించుకుంటుంది. బతికున్న డీకోడర్లను పీకి చెత్తబుట్టలో వేయించిన ఘనత మాత్రం మనవారిది.

రెండు సిలిండర్ల ఇంజనుకి చక్రం ఒక చుట్టుకి నాలుగు ఛుక్కులు. పిస్టన్‌ని ఆవిరి రెండు వైపుల నుంచీ తోస్తుంది కాబట్టి ఒక్కో సిలిండర్ రెండుసార్లు ఊపిరి వదులుతుంది. 1938 జూలై 3న గంటకు 126 మైళ్లు అందుకున్న బ్రిటిష్ ఆవిరి ఇంజను మల్లార్డ్‌కి మూడు సిలిండర్లు, కాబట్టి ఆరు. అమెరికా భారీ ఇంజను బిగ్ బాయ్‌కి బాయిలర్ కింద రెండు ఇంజన్లు, దేని నాలుగు దానివే, కాసేపు కలుస్తాయి, కాసేపు విడిపోతాయి. ఇది తెలిసిన మనిషి చక్రం మీద తెల్ల చుక్క పెట్టుకుని, బండిని నత్తనడక నడిపించి, చుట్లు లెక్కపెడుతూ, ఒక్కో అంకె పెంచుతూ తగ్గిస్తూ కూర్చుంటాడు. కూత కాస్త తగ్గిస్తాడు, గంట కాస్త పెంచుతాడు. ఇంజను ఆగేటప్పుడు చివరి ఛుక్కు చక్రంతో పాటే ఆగాలని పదిసార్లు ఆపి చూస్తాడు.

ఆ పనంతా ఒక్క అంకెతో తుడిచేసి "ఫ్యాక్టరీ సెట్టింగులే బెస్టండీ" అంటాడు ఈ స్వామిగాడు. ఏ ఫ్యాక్టరీరా? ఆ డీకోడర్ చేసినవాడు ఈ ఇంజను గేర్లు చూశాడా, దీని చక్రం కొలిచాడా? నీకు తెలియనిది తెలియదని చెప్పి ఊరుకోవడానికి ఏమడ్డం వచ్చింది? జేఎంఆర్‌ఐ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో డీకోడర్‌ప్రో ఉంది, పైసా తీసుకోదు, ఉన్న విలువలన్నీ చదివి దాచిపెడుతుంది. ఆ మాట ఒక్కసారైనా ఎవరికైనా చెప్పావా? లేదు. కొత్తగా వచ్చిన కుర్రవాడు తెగిన తీగకి తనే బాధ్యుణ్నని నమ్మి, తనకి ఈ విద్య అబ్బదనుకుని, బండిని డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించేశాడు. నువ్వు రెండో కాఫీ తాగి వెళ్లిపోయావు.

క్షమించాలి, మర్యాద తప్పింది. బొమ్మ రైళ్లకు ప్రమాణాలు రాసే ఎన్‌ఎంఆర్‌ఏ సంఘం వారికి సవినయంగా ఒక విన్నపం చేసుకుని ముగిస్తాను. సీవీ 8లో ఎవరైనా 8 రాయబోయినప్పుడు థ్రాటిల్ ముందుగా కొన్ని ప్రశ్నలు అడిగేలా నిబంధన పెట్టండి. మ్యూట్ చూశావా? పట్టాలు తుడిచావా? టెండర్ విప్పావా? పాత విలువలు రాసుకున్నావా? ఇవన్నీ అవునని అబద్ధం చెప్పగలరు కాబట్టి చివర్న ఇంకొకటి చేర్చండి: ఈ ఇంజను నీదేనా? సగం రీసెట్లు అక్కడే ఆగిపోతాయి.