రావల్పిండి గ్యాస్ గదుల లెక్క ఎవరు చెప్పాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద ప్రయోగాలు అనగానే అందరం నాజీ డాక్టర్లనీ, జపాన్ యూనిట్ 731నీ తిట్టుకుంటాం. తిట్టాల్సిందే. కానీ గెలిచిన పక్షం తన సైనికులకే ఏం చేసిందో మాట్లాడేవాళ్లు కనబడరు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

1930ల మొదట్నుంచీ పదేళ్లకు పైగా, బ్రిటన్ రసాయన ఆయుధాల పరిశోధనా కేంద్రం పోర్టన్ డౌన్ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న రావల్పిండిలో వందలాది భారతీయ సైనికుల మీద మస్టర్డ్ గ్యాస్ పరీక్షించారు. కొందరిని నిక్కర్లు, నూలు చొక్కాలతోనే గ్యాస్ గదుల్లోకి పంపారు. ఈ విషం తగలగానే నొప్పి తెలియదు. ఏమీ కాలేదనుకుని మనిషి బయటికొస్తాడు, కొన్ని గంటలు గడిచాక ఒళ్లు ఎర్రబడి బొబ్బలు లేస్తాయి, అదీ చెమట పట్టే చోట్లే ఎక్కువ, చంకల్లో, గజ్జల్లో, మర్మాంగాల దగ్గర. కాలిన గాయాలతో ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు. తెల్లవాళ్ల చర్మం కంటే మన చర్మం ఎక్కువ కాలుతుందా అని కూడా చూశారు!

బ్రిటన్ ఒక్కటే కాదు. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయి, దాని వలస అల్జీరియాలో బ్రిటన్ వాడుకుంటున్న పరీక్షా స్థలం చేజారితే, ఆ మరుసటి ఏడాది కెనడా సఫీల్డ్‌లో విశాలమైన మైదానం చూపించింది. ఎండలో, తేమలో గ్యాస్ ఎంత మండిస్తుందో తేల్చడానికి ఆస్ట్రేలియాలో ఇన్నిస్‌ఫెయిల్ దొరికింది. 1944లో పనామాకు చెందిన శాన్ హొసే దీవిలో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి పనిచేశాయి. నేల ఒకరిది, శాస్త్రవేత్తలు ఇంకొకరు, ఒళ్లు మాత్రం సిపాయిది.

అమెరికాలో దాదాపు 60,000 మందిని ఇలాంటి పరీక్షలకు వాడుకున్నారు. నోరు విప్పితే జైలే అని బెదిరించడంతో, ఊపిరాడక డాక్టర్ దగ్గరికెళ్లినా అసలు కారణం చెప్పుకోలేక దశాబ్దాలు నలిగిపోయినవాళ్లున్నారు. హిట్లర్ గ్యాస్ వదులుతాడేమోనని భయం ఉండేదిగా అంటారు. ఉండేది, కాదనను. ఆ భయం నిజమైతే ఆ సంగతే సైనికుడికి చెప్పి ఒప్పించొచ్చుగా? 1947లో న్యూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్లకు శిక్ష వేస్తూ, మనిషి ఇష్టపూర్వక సమ్మతి లేనిదే ప్రయోగం చేయకూడదని మొదటి సూత్రంగా రాసింది అమెరికా జడ్జీలే.

2004లో కెనడా తన మాజీ సైనికులకు తలా 24,000 డాలర్లు ప్రకటించింది. రావల్పిండి సిపాయిల విషయానికొస్తే, తర్వాత వాళ్లకు జబ్బులేమైనా వచ్చాయా అని కూడా ఆరా తీయలేదు. బ్రిటన్ పాత ఫైళ్ల ఆధారంగా ఈ సంగతి 2007లో పత్రికల్లోకి ఎక్కింది. ఢిల్లీ, ఇస్లామాబాద్ రెండూ లండన్‌ని గట్టిగా నిలదీయాలి. పరిహారం గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ సైనికుల పేర్లు, ఆస్పత్రి రికార్డులు బయటపెట్టి, ఎవరికి ఏం చేశారో వాళ్ల కుటుంబాలకు చెప్పండి.