సత్తు గిన్నెకు పట్టని శని

మా బాబాయికి అల్లూరు దగ్గర మూడు రొయ్యల గుంటలున్నాయి. మొన్నటి పంటలో వైట్ స్పాట్ జబ్బు తగిలి రెండు గుంటల వనామి రొయ్య పోయింది. ల్యాబ్ వాళ్లు వైరస్ అన్నారు, పక్క గుంట నీళ్లు కలిసి ఉంటాయన్నారు. అదంతా శ్రద్ధగా విని బాబాయి నేరుగా నెల్లూరు వెళ్లి జాతకం చూపించుకున్నాడు. "ఏలినాటి శని, నీలం రాయి పెట్టాల్సిందే" అన్నాడట ఆ జ్యోతిష్కుడు. వైరస్‌కి నోరు లేదు కాబట్టి ఊరుకుంది.

నేనైతే ఆ శాస్త్రాన్ని తప్పుపట్టను. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లుంటాడు. మన ముందు రాశి, మన రాశి, తర్వాతది కలిపి ఏడున్నరేళ్లు. అంటే ఏ రోజు లెక్కేసినా 12 రాశుల్లో 3 ఆయన గుప్పిట్లోనే, ఎనిమిదో ఇంటి అష్టమ శని, నాలుగో ఇంటి అర్ధాష్టమ శని కూడా కలిపితే 5. ఇంత గట్టి గిరాకీ రొయ్యల మేత అమ్మేవాళ్లకి కూడా లేదు.

బాబాయికి చెప్పింది 5 క్యారెట్లు, అంటే సరిగ్గా 1 గ్రాము. శని బరువు మన భూమికి 95 రెట్లు. ఆయన్ని ఈ గ్రాము ఆపాలి, అదీ మధ్యవేలు మీద కూర్చుని.

నీలం అందరికీ పడదు కాబట్టి ముందు మూడు రాత్రులు దిండు కింద పెట్టి చూడాలంట. మొదటి రాత్రి దోమలు. రెండో రాత్రి కరెంటు పోయి, మిగిలిన ఒక్క గుంటలో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే బాబాయి డీజిల్ క్యాన్ పట్టుకుని పరిగెత్తాడు, దిండు మాత్రం ఇంట్లో హాయిగా ఉంది. మూడో రాత్రి కలలో కాకి. ఫోన్ చేస్తే "ఎటు తిరిగి ఉంది?" అని గురువుగారు. దక్షిణానికి అని బాబాయి. "ఏందయ్యా, కలలో దిక్కులు నీకెట్టా తెలిసినాయి?" అని వంటింట్లోంచి పిన్ని. ఇంతవరకూ ఆ ప్రశ్నకి శాస్త్రంలో జవాబు దొరకలేదు.

ఇక రాయి సంగతి. నీలమంటే అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి గట్టిపడ్డ కురువిందం. అందులో రవ్వంత ఇనుము, టైటానియం చేరితే నీలం, వాటి బదులు క్రోమియం చేరితే కెంపు. కెంపేమో సూర్యుడిది, నీలం ఆయన కొడుకు శనిది, తండ్రీకొడుకులకు పడదు కాబట్టి రెండూ కలిపి పెట్టుకోకూడదంటారు. రెండూ ఒకే రాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. పైగా బజార్లోకి వచ్చే నీలాల్లో ఎక్కువ భాగం రంగు తేలడానికి కొలిమిలో కాలి వచ్చినవే, చాలావాటికి 1,600 డిగ్రీలు కూడా దాటుతుంది. తన దశ మార్చుకోవడానికి అన్ని పాట్లు పడ్డ రాయి, పాపం, మన దశ కూడా మార్చాలి.

ఇది తెలిశాక నాకో ఆలోచన వచ్చింది. సత్తు గిన్నెకి గాలి తగిలితే పైన కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది, అదీ అల్యూమినియం, ఆక్సిజనే. రంగు లేదు, కురువిందంలా స్ఫటికం కట్టలేదు, అంతే తేడా. మా సెంటర్‌లో టీ కొట్టు అన్న పొద్దున నాలుగింటి నుంచి అదే గిన్నె పట్టుకుని ఉంటాడు, క్యారెట్లలో లెక్కేస్తే వేలకి వేలు. ఆయనకి నష్టం వచ్చిందని నేనెప్పుడూ వినలేదు, మా బాబాయి పాత బాకీ తప్ప.

నిన్న ఆ గిన్నెనే చూస్తూ నిలబడితే, "ఏంది సామీ, టీ కావాల్నా, గిన్నె కావాల్నా?" అన్నాడు.

గిన్నె ఎంతకిస్తావని అడిగాను.