మెషిన్‌కు లోహం పేరు తెలియదు

మెటల్ డిటెక్టర్ స్క్రీన్ మీద నంబర్ చూసి బంగారమో ఇనుమో ఇట్టే చెప్పేయొచ్చని మీ వ్యాసంలో రాశారు, అది సగమే నిజం. మెషిన్ కింద ఉండే కాయిల్ (తీగ చుట్ట) నుంచి సెకనుకు కొన్ని వేలసార్లు మారే అయస్కాంత క్షేత్రం భూమిలోకి పోతుంది, దానికి లోహం తగిలితే అందులో సుడి కరెంట్లు, అంటే గుండ్రంగా తిరిగే చిన్న కరెంట్లు, పుడతాయి, వాటి వల్ల తిరిగొచ్చే సిగ్నల్ ఎంత వెనకబడిందో లెక్కేసి మెషిన్ నంబర్ చూపిస్తుంది. వెండి, రాగి బిళ్లలు పై నంబర్లలో, ఇనుప మేకులు కింద. చిక్కంతా మధ్యలోనే ఉంది.

దేవరకొండ దగ్గర మా చెలకలో రోటవేటర్ బ్లేడు విరిగి మట్టిలో పడిపోతే దోస్తు మెషిన్ తెచ్చాడు. సరిగ్గా ఉంగరం నంబర్ వచ్చింది, జానెడు లోతు తవ్వితే మడతపడిన గోలీల రేకు! సన్నటి బంగారం, అల్యూమినియం రేకు ఆ మధ్య నంబర్లలో ఒకేలా కనిపిస్తాయి. వెడల్పాటి ఇనుప ముక్క ఒక్కోసారి మంచి లోహంలా మోగుతుంది. మా ఎర్ర నేలలోనే ఇనుము ఉంటుంది కాబట్టి ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల సిగ్నల్‌ను లెక్కలోకి తీసుకోకుండా మెషిన్‌ను సరిచేయడం) చేసుకోకపోతే అడుగడుగునా మోతే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ నంబర్లు నమ్మి గుప్తనిధులంటూ పాత గుళ్ల గడపలు పెకిలిస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సూర్యాపేట జిల్లాలోని పాత బౌద్ధ స్థలం ఫణిగిరిలో 2024లో పురావస్తు శాఖ తవ్వకాల్లో కుండ నిండా 3,730 నాణేలు దొరికాయి, అన్నీ సీసానివే. అవి దొంగల చేతిలో పడితే కరిగించేవాళ్లు. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు చెప్పాల్సిందే, ఆ ముక్క కూడా వ్యాసంలో చేర్చండి.