ప్లేట్‌లెట్లు పెరిగేదాకా ఆగితే...

‘ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నాయి, పెరిగాక కీమో చూద్దాం.’ క్యాన్సర్ వార్డుల్లో తరచూ వినిపించే మాట ఇది. చాలామంది రోగుల విషయంలో సరైన జాగ్రత్తే. కడుపు క్యాన్సర్ ఎముక మజ్జకు పాకినవారికి మాత్రం ఈ ఆగడమే ప్రాణాల మీదికి తెస్తుంది.

రక్తకణాలు తయారయ్యే చోటులోనే క్యాన్సర్ తిష్ఠ వేస్తుంది. దానికి తోడు సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కడుతూ ఉన్న కాసిని ప్లేట్‌లెట్లూ ఖర్చయిపోతాయి. డాక్టర్లు డీఐసీ అనేది దీన్నే. మొదట నడుం నొప్పి, నీరసం. దాన్ని డిస్క్ సమస్య అనుకుని మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్లున్నారు. తర్వాత పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, సూది గుచ్చిన చోటల్లా కమిలిన మచ్చ. మూలం క్యాన్సరే కాబట్టి, అది లొంగనంతకాలం ఎన్ని బ్యాగుల ప్లేట్‌లెట్లు ఎక్కించినా వాటి సంఖ్య నిలవదు.

5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఆధారిత చికిత్సతోనో, వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందుతోనో కొందరిలో డీఐసీ తగ్గి, ప్లేట్‌లెట్లు కోలుకున్నట్టు వైద్య పత్రికల్లో కేసులున్నాయి. వారాల్లో ముగిసే ఆయుష్షు నెలలకు సాగింది. జబ్బు నయం కాలేదు, ఆ ఆశ పెట్టడం మోసం. మందు పనిచేసేలోపే రక్తస్రావమో ఇన్ఫెక్షనో ప్రాణం తీసే ప్రమాదమూ ఉంది. అందుకే మోతాదు తగ్గించి, రక్తం ఎక్కిస్తూ, కళ్లలో ఒత్తులు వేసుకుని చూసుకోవాలి. ఏ ప్రత్యేక మందు పనికొస్తుందో చెప్పే హెర్2, పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ల పరీక్షలకు వెంటనే పంపాల్సిందే, కానీ ఆ రిపోర్టుల కోసం మొదటి డోసు ఆపడం సబబు కాదు.

ఇంతటి నిర్ణయానికి గట్టి ఆధారాలేవి? కణితిలో హెర్2 ఎక్కువగా ఉన్నవారికి దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మేలు చేస్తుందని 2010లో, కీమోకు రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే నివోలుమాబ్ జోడిస్తే ఆయుష్షు పెరుగుతుందని 2021లో పెద్ద ట్రయల్స్ తేల్చాయి. ఇలాంటి ట్రయల్స్‌లో చేరాలంటే ప్లేట్‌లెట్లు ఒక స్థాయికి పైన ఉండాలి. అంటే క్యాన్సర్ మజ్జకు పాకి ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అరుదైన జబ్బు కాబట్టి భారీ ట్రయల్ కుదరదన్నది నిజమే. క్యాన్సర్ కేంద్రాలన్నీ ఉమ్మడి రిజిస్ట్రీ పెట్టుకుని, ఎవరికి ఏ మందు ఏ మోతాదులో ఇచ్చారో, ఏమైందో, చనిపోయినవారితో సహా నమోదు చేయడానికి అడ్డేమిటి? కోలుకున్నవారి కథలే అచ్చయితే లెక్క తప్పుతుంది.

ఇక రోగికి చెప్పకుండా బంధువులతోనే మాట్లాడి ముగించే అలవాటు. ఇది మానాలి. కీమో వద్దు, నొప్పి లేకుండా ఉంటే చాలు అనే హక్కు రోగిది. మార్ఫిన్, ఎముక నొప్పికి రేడియేషన్ లాంటి ఉపశమన వైద్యం కీమో తీసుకున్నా, మానుకున్నా తొలిరోజు నుంచే అందాలి.