గ్రీన్ టీకి జరిగిన అన్యాయంపై ఒక వినతి

జపాన్‌లో ఒక ఘోరం జరిగింది. 2009లోనే బయటపడింది, మనదాకా రాలేదంతే. అక్కడి జనం రోజూ తాగే పానీయాల్లో పాలీఫినాల్స్ (ఒంటికి మంచివని చెప్పుకునే మొక్కల పదార్థాలు) ఎంతున్నాయో కొలిచి, ఎవరెంత తాగుతున్నారో కనుక్కుని లెక్క కడితే, మనిషికి రోజుకి సగటున 853 మిల్లీగ్రాములని తేలింది. ఇంతవరకూ సంతోషమే. కానీ అందులో సగం కాఫీదట! గ్రీన్ టీకి దక్కింది 34 శాతం. మిగతా పానీయాలన్నీ కలిసినా 16, అంటే డిపాజిట్లు గల్లంతు.

ఈ సంగతి మా పెదనాన్నగారికి ఎలా చెప్పాలా అని వారం రోజులుగా టెన్షన్ పడుతున్నాను. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో "జపనీయుల దీర్ఘాయుష్షు రహస్యం గ్రీన్ టీ" అని పెట్టేది ఆయనే. అది నమ్మే నేను ఫిల్టర్ కాఫీ మానేసి, గడ్డి నానబెట్టిన నీళ్ళలాంటి దాన్ని మొహం చిట్లించకుండా తాగడం నేర్చుకున్నాను.

పాలీఫినాల్ అనగానే ఏదో అనుకోకండి, పచ్చి అరటికాయ కొరికితే నాలుక పట్టేసే ఆ వగరు చాలావరకు వీటి పనే. గ్రీన్ టీలో కాటెచిన్లు, కాఫీలో క్లోరోజెనిక్ ఆమ్లం, రెండూ ఈ కులంవే.

ఇక టీ చేసిన సేవ చూడండి. 1214లో జపాన్ షోగున్ (సైనిక పాలకుడు) సనెతొమో రాత్రి తాగింది దిగక తల పట్టుకుని కూర్చుంటే, ఐసై అనే బౌద్ధ భిక్షువు ఒక గిన్నెడు టీ ఇచ్చి, దానితో పాటు టీ మహిమ మీద తాను రాసిన పుస్తకం కూడా చేతిలో పెట్టాడు. (మందుతో పాటు కరపత్రం ఇవ్వడం అప్పుడే ఉందన్నమాట.) తర్వాత 16వ శతాబ్దానికి సెన్ నో రిక్యూ అనే టీ గురువు చేతుల్లో అదొక పూజావిధానమే అయింది, ఎంతటి సమురాయ్ అయినా కత్తి బయట పెట్టి, చిన్న గుమ్మంలోంచి వంగి పాక్కుంటూ లోపలికి రావాల్సిందే. కాఫీ ఏం చేసింది? 1969లో పాలూ చక్కెరా కలుపుకుని డబ్బాలో దూరింది. రైలు ప్లాట్‌ఫారం మీద మెషీన్లో నాణెం వేసి బటన్ నొక్కితే వేడివేడిగా దబ్బున పడుతుంది, నిలబడే తాగేసి రైలెక్కేయొచ్చు. మోకాళ్ళ మీద కూర్చున్నవాడికంటే బటన్ నొక్కినవాడికే మార్కులెక్కువ. భక్తికి విలువ లేదా?

అసలు దారుణం లెక్క వెనక్కి వేస్తే తెలుస్తుంది. వాళ్ళ కొలత ప్రకారం 100 మిల్లీలీటర్ల కాఫీలో 200 మిల్లీగ్రాములు, గ్రీన్ టీలో 115. అంటే సగటు మనిషి తాగింది కాఫీ 210 మిల్లీలీటర్లు, గ్రీన్ టీ 250, కాస్త అటూఇటూగా. జనం ఎక్కువ పోసుకున్నది టీయే! ఓట్లెక్కువ వచ్చి సీట్లు తగ్గి ఓడిపోయిన పార్టీ బాధ మనకి తెలియనిదా?

ఈ లెక్క కట్టినవాళ్ళలో కాఫీ అమ్ముకునే కంపెనీవాళ్ళూ ఉన్నారు. లెక్క తప్పని నేననడం లేదు, ఉన్నారని మాత్రమే అంటున్నాను. అయితే వాళ్ళతో కలిసి పనిచేసింది టోక్యోలోని ఒచనోమిజు విశ్వవిద్యాలయం, ఆ పేరుకి అర్థం "టీ నీళ్ళు". వెనకటికి షోగున్ టీకి నీళ్ళు వెళ్ళిన చోటు పేరది. తీర్పు కాఫీకి, కోర్టు పేరు టీది.

ఇంకో తమాషా, ఈ పరీక్షకి పాస్ మార్కే లేదు. రోజుకి ఇన్ని పాలీఫినాల్స్ తీసుకోవాలని జపాన్ ప్రభుత్వం కూడా చెప్పలేదు. పైగా కొలిచింది కప్పులో, కడుపులో కాదు. లోపలికి వెళ్ళినదాంట్లో చాలాభాగం చిన్నపేగులో ఇంకకుండా పెద్దపేగుదాకా పోయి అక్కడి బాక్టీరియా చేతుల్లో పడుతుంది. వాటికి రిక్యూ ఎవరో ప్లాట్‌ఫారం ఏదో తెలియదు.

కాబట్టి వెంటనే ఒక కమిటీ వేసి, వంగినందుకు, పాకినందుకు, మోకాళ్ళ నొప్పికి గ్రీన్ టీకి గ్రేస్ మార్కులు కలపాలని కోరుతున్నాను. ఈలోగా మా ఇంట్లో 25 బ్యాగుల పెట్టెలో ఇంకా 19 ఉన్నాయి, ఎక్స్‌పైరీ దాటలేదు, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళొచ్చు. పెదనాన్నగారికి మాత్రం చెప్పకండి, డికాక్షన్ దిగుతున్న వాసన ఆయనకి ఫోన్లోనే తెలిసిపోతుందేమోనని ఇప్పటికే భయంగా ఉంది.